ముళ్ల గడియారం చెప్పిన జాతకం

బెంగళూరు మారతహళ్లిలో రెండడుగులకో పీజీ హాస్టలు, మూడడుగులకో వీఎల్ఎస్ఐ, అంటే చిప్ డిజైన్, శిక్షణ సంస్థ. నరసరావుపేట నుంచి ఈసీఈ పట్టాతో దిగిన మా అన్నయ్య కొడుక్కి తోడుగా ఒకదానికి వెళ్లాను. కౌన్సెలర్ తెలుగువాడే. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది, కసాయి మన భాషవాడైతే మరీనూ.

"అనలాగ్ తీసుకోవాలా, డిజిటలా సార్?"

ఆయన గోడమీది ముళ్ల గడియారం చూపించాడు. "అది అనలాగ్." తన మణికట్టు ఎత్తాడు. "ఇది డిజిటల్. భవిష్యత్తు దేనిదో నువ్వే చెప్పు తమ్ముడూ!"

గోడ గడియారం బ్యాటరీ అయిపోయి నాలుగున్నర దగ్గర ఆగి ఉంది. సాక్ష్యం పకడ్బందీ. మావాడు దాన్ని పోయినవాళ్ల ఫొటో చూసినట్టు చూశాడు.

"మీ వాచీ నాడి ఎలా చూస్తుందండీ?" అన్నాను.

"సాఫ్ట్‌వేర్ సార్."

అవును మరి. పచ్చదీపం వెలుగు చర్మంలోంచి తిరిగొచ్చి పుట్టించే పిసరంత కరెంటును పట్టి, పెంచి, అంకెలుగా మార్చి చేతికిచ్చే అనలాగ్ సర్క్యూటు కూడా సాఫ్ట్‌వేరే కాబోలు!

"మరి 555 టైమర్? హాన్స్ కామెన్‌జిండ్ 1971లో గీసిన ఆ చిప్‌లో రెండు అనలాగ్ కంపారేటర్లూ ఒక డిజిటల్ ఫ్లిప్‌ఫ్లాపూ ఒకే కాపురం. దాన్ని ఏ బ్యాచ్‌లో చేర్చుకుంటారు?"

"వర్కింగా సార్? అయితే వీకెండ్ బ్యాచ్."

ఫీజు లక్షన్నర. రెండిటికీ అంతే. ఆ ఒక్క విషయంలో మాత్రం పక్షపాతం లేదు.

బయటికొచ్చాక అడిగాను, కాలేజీలో ఆసిలోస్కోపు, అదే కరెంటు అలల్ని తెరమీద చూపే యంత్రం, ఎన్నిసార్లు పట్టావురా అని.

"ముట్టుకోనివ్వలేదు బాబాయ్. ఇన్‌స్పెక్షన్ రోజున బీరువాలోంచి తీసి తుడిచేవాళ్లు. రీడింగులు సీనియర్ల రికార్డుల్లోంచి ఎక్కించేవాళ్లం."

నాలుగేళ్లు! అన్నయ్య ఎకరం తాకట్టు పెట్టి చదివించిన నాలుగేళ్లలో పిల్లాడి చేత ఒక్క రూపాయి రెసిస్టర్ కూడా కాల్చనివ్వలేదా? సిగ్గులేదూ? తుడవడానికి కొన్నారా ఆ యంత్రాన్ని? వీడిప్పుడు అనలాగా డిజిటలా అని ఎవణ్ణో అడుక్కోవడం వీడి తప్పా? వంట గదిలోకే రానివ్వకుండా పెంచి, పప్పు ఇష్టమా పులుసు ఇష్టమా అని అడిగే దౌర్భాగ్యులు!

ఆటో ఎక్కించి ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డుకు తీసుకెళ్లాను. సర్క్యూట్లు గుచ్చి చూసుకునే బ్రెడ్‌బోర్డు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఎల్ఈడీలు, అరడజను 555లు. సాయంత్రం పీజీ మంచం మీద మొదటి చిప్‌కు ప్లస్సూ మైనస్సూ తిప్పి కలిపాడు. ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. పక్క మంచం మీది కడప కుర్రాడు కూడా లేచి వచ్చాడు.

ఫోను మోగింది. కౌన్సెలర్. సీటు ఆపి ఉంచాడట, రాత్రిలోగా అడ్వాన్సు కట్టాలట.

"నువ్వు మాట్లాడు బాబాయ్," అన్నాడు వేలు నోట్లో పెట్టుకుని. "ఇంకో చిప్పు ఇలా పడెయ్."