ఇరుసు లోపల ఉమ్మరాదు

మా అపార్ట్‌మెంట్ పార్కులో పోయిన నెల ఒక బోర్డు వెలిసింది. పచ్చరంగు మీద తెల్లటి అక్షరాలు. "ఇరుసు లోపల ఉమ్మరాదు. రాత్రి 9 దాటాక ఇరుసులో ఎవరూ కూర్చోరాదు. ఇట్లు, అసోసియేషన్."

నేను ఆ బోర్డు చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఇరుసంటే బండి చక్రాలు తిరిగే కడ్డీ కదా, ఎక్కడా బండి కనిపించలేదు. నాలుగు ఇనప స్తంభాలు, పైన అడ్డకడ్డీలు, వాటి మీదికి పాకడానికి మూడేళ్లుగా మొహమాటపడుతున్న ఒక రాధామనోహరం తీగ, కింద రెండు సిమెంటు బల్లలు. ఇన్నాళ్లూ మేం ఎండకి తలదాచుకుంటున్నది ఇరుసులో అన్నమాట.

సెక్రటరీ గారిని అడిగితే విషయం తెలిసింది. బిల్డర్ ఇచ్చిన రంగుల పుస్తకంలో దాని పేరు 'ఆర్బర్'. ఆ మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో ఫోన్‌లో కొట్టి తెలుగు అడిగితే 'ఇరుసు' అంది. ఫోన్ చెప్పాక ఇంక అప్పీలేముంది? పెయింటర్ రాశాడు, బిల్లు పాసయింది. బిల్లు పాసయిన మాటని మార్చే అధికారం వ్యాకరణానికి లేదు.

కొందరు నవ్వారు. గ్రూపులో పళ్లికిలించే బొమ్మలు పెట్టారు. వాళ్లకి భాష తెలియదని మనవి చేసుకుంటున్నాను. ఆ బోర్డు అక్షరాలా సరైనదని రుజువు చేయడమే ఈ వ్యాసం పని.

ముందుగా ఇంగ్లిష్ వాళ్ల సంగతి. వాళ్లకి ఆర్బర్ అనే మాట నిజంగానే రెండు పనులు చేస్తుంది. తోటలో తీగలల్లిన నీడ ఆర్బరే, మరలో తిరిగే కడ్డీ కూడా ఆర్బరే. పుట్టుకలు మాత్రం వేరు. నీడనిచ్చే ఆర్బర్ లాటిన్‌లో పచ్చికనీ మూలికల్నీ చెప్పే 'హెర్బా' నుంచి ఫ్రెంచి ఇంట్లో కొన్నాళ్లుండి వచ్చింది. తిరిగే ఆర్బర్ లాటిన్‌లో చెట్టుకున్న పేరు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ చెట్టునీ షాఫ్టునీ 'ఆర్బ్ర్' అనే ఒకే మాటతో పిలుస్తారు. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు ఒకే ఆధార్ నంబరుతో తిరుగుతున్నట్టు. వాళ్లకి లేని ఇబ్బంది మనకెందుకు?

పైగా మనకి అంతకంటే గట్టి ఆధారం ఉంది: ఆకు. తాటాకు పందిరి మీద పరిచేదీ ఆకే, బండి చక్రంలో ఇరుసు వైపు నుంచి అంచు దాకా బిగించే పుల్లా ఆకే. బ్రౌను దొర 1852 నాటి నిఘంటువులో రెండర్థాలూ ఎక్కించాడు. అంటే ఆకుల కింద కూర్చున్న మనిషి పందిట్లో ఉన్నాడో, చక్రం కింద ఉన్నాడో తెలుగు భాష తేల్చి చెప్పదు. మా బోర్డు ఆ సంప్రదాయాన్నే పాటించింది.

ఇంకా సందేహమున్న వాళ్లకి రామాయణం. యుద్ధంలో దశరథుడి రథానికి ఇరుసు సీల ఊడిపోతే కైక తన వేలు అడ్డం పెట్టిందని హరికథల్లో చెప్తారు. వాల్మీకి ఈ వేలు సంగతి ఎత్తలేదు, ఆయనకి మెకానికల్ మీద అంత ఆసక్తి లేనట్టుంది. వేలు పెట్టింది కాబట్టి వరాలు. వరాల వల్ల వనవాసం. వనవాసం వల్ల పర్ణశాల. అంటే అక్కడ ఇరుసు సీల ఊడితే ఇక్కడ ఆకులిల్లు లేచింది. కావాలంటే వెళ్లి చూసి రండి, భద్రాచలానికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో గోదావరి ఒడ్డున పర్ణశాల అనే ఊరే ఉంది. (నాసిక్ వాళ్లు ఒప్పుకోరు. అది రాష్ట్రాల మధ్య జలవివాదం లాంటిది, మనం తలదూర్చొద్దు.)

ఇంత చెప్పినా మా బ్లాకులో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు శాంతించలేదు. పేరు మార్చాల్సిందే అన్నారు. ఆదివారం మీటింగ్ పెట్టారు.

మాస్టారు మొదట 'నికుంజం' అన్నారు. అమరకోశంలో కుంజం, నికుంజం రెండూ ఉన్నాయి, లతలు కప్పేసిన చోటని అర్థం. తర్వాత 'లతాగృహం' అన్నారు, చివరికి కాస్త దిగి 'పొదరిల్లు' అన్నారు. మాటలు బాగానే ఉన్నాయి కానీ వాటిలో ఎవరు కూర్చోవాలన్నది మన కవులు ముందే తేల్చేశారు. పొదరింట్లోకి వెళ్లాలంటే విరహం ఉండాలి. మాలినీ నది ఒడ్డున శకుంతల పడుకున్నదీ అలాంటి చోటే, పక్కన చెలికత్తెలు తామరాకులతో విసురుతుంటే. మా దాంట్లో సాయంత్రం అయిదున్నరకి కూర్చునేవాళ్లు ముగ్గురు. ఒకాయనకి షుగరు, ఇంకొకాయనకి మోకాళ్లు, మూడో ఆయనకి కోడలు. తామరాకులతో విసిరే స్టాఫు అసోసియేషన్ దగ్గర లేరు.

'మండపం' అంటే ఎవరో పులిహోర ఎప్పుడని అడిగారు. 'మంచె' అంటే జొన్నచేలో పిట్టల్ని తోలేదని, 'పాక' అంటే గేదెలుంటాయని తీసేశారు.

అప్పుడు నేను 'పందిరి' అన్నాను.

హాలంతా నిశ్శబ్దం. ఎవరో పక్కింటి వాళ్ల అప్పు సంగతి ఎత్తినట్టు చూశారు. చివరికి ట్రెజరర్ గారు చాలా ఓపిగ్గా చెప్పారు: "పందిరి అంటే మరీ ఇదిగా ఉంటుందండీ. అడుగుకి నాలుగు రూపాయలు మెయింటెనెన్స్ కడుతున్నాం కదా."

ఆ లెక్క నాకు తట్టలేదు. మా నాయనమ్మ పెరట్లో సొరపాదుకి నాలుగు గుంజలు పాతి, వెదురు బద్దలు అడ్డంపెట్టి, పురికొసతో ముళ్లు వేసేది. కాయ బరువుకి తీగ తెగకుండా పాత చీర పేలికతో ఉట్టిలా కట్టేది. మధ్యాహ్నం దాని కింద నులకమంచం వేస్తే మొహం మీద ఆకుల నీడలు కదిలేవి, అప్పుడప్పుడూ ఒక చీమ రాలేది. దాన్నే పందిరి అనేవాళ్లం. పెళ్లికీ అదే మాట, శ్రీరామనవమి పానకానికీ అదే మాట, ద్రాక్షతోటకీ అదే మాట. ఆకాశమంత పందిరి వేస్తామని గొప్పలు పోతాం కానీ, ఆకాశమంత గెజిబో వేస్తామని నేనింతవరకూ వినలేదు. అయితే వీటిలో దేనికీ మెయింటెనెన్స్ లేదు. నా వాదన అక్కడే వీగిపోయింది.

ఓటింగ్‌లో పార్కు పందిళ్లకి ఇంగ్లిష్ పేర్లయిన గెజిబోకి పద్నాలుగు, పెర్గోలాకి పదకొండు, మన పందిరికి రెండు. రెండో ఓటు ఎవరిదో ఇప్పటికీ తెలియదు, మా ఆవిడ తనది కాదంటోంది. మెజారిటీ రావాలంటే మూడింట రెండొంతులు కావాలని బైలాస్‌లో ఉందట. అందుచేత ఇరుసే ఖాయమైంది.

మరి అసలు ఇరుసు గతేమిటని అడుగుతారేమో. దానిది ఇంకా దయనీయం. ఇరుసు, కడసీల, కాడి, నొగలు, రాట్నానికి కదురు, ఇలా తిరిగేదానికీ తిప్పేదానికీ లాగేదానికీ వేటి పేరు వాటికుండేది. ఆటోనగర్‌లో ఏ షెడ్డుకైనా వెళ్లండి, ఇప్పుడన్నీ షాఫ్టులే. మోటారులో షాఫ్టు, మిక్సీలో షాఫ్టు, లారీ కింద షాఫ్టు. "షాఫ్టు పోయింది సార్" అన్న మూడు మాటలతో మిస్త్రీ మన జేబులో ఎంత లోతుకైనా వెళ్లగలడు. ఇరుసుకి కందెన పెట్టకపోతే పరమేశ్వరుడి బండైనా కదలదని పద్యం ఒకటుంది. అది బండి గురించి కాదు, కరణాన్ని మంచి చేసుకోవడం గురించి. ఇరుసనే మాట మన నోట్లో ఇంకా బతికుందంటే ఆ లంచం పద్యం పుణ్యమే, ఇప్పుడు దానికి మా బోర్డు తోడయింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. తీగకి ఆసరాగా పైన చెక్క పట్టీలు కొట్టించాలని అసోసియేషన్ తీర్మానించి, కరెంటు రంపం ఒకటి తెప్పించింది. దాంతో ఇంగ్లిష్ కాగితం వచ్చింది. కార్పెంటర్‌కి తెలుగే వచ్చు కాబట్టి సెక్రటరీ గారు మళ్లీ ఫోన్‌ని ఆశ్రయించారు. రంపం బ్లేడు ఎక్కించే కడ్డీని కూడా ఇంగ్లిష్‌లో ఆర్బరే అంటారు. ఈసారి ఫోన్‌కి మా మాస్టారు పూనినట్టున్నారు.

నిన్న మధ్యాహ్నం పార్కు వైపు వెళ్తే కార్పెంటర్ ఒక చేతిలో బ్లేడు, ఇంకో చేతిలో కాగితం పట్టుకుని బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు అడిగాడు.

"సార్, బ్లేడుని పొదరింట్లో పెట్టి గట్టిగా బిగించమని రాసుంది. పొదరిల్లు ఎక్కడ సార్?"

నేను ఇరుసు వైపు చూపించాను.