తప్పు ఫాంటుది, తిట్లు లిబ్రేఆఫీస్‌కి
ఉచితంగా దొరికే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో వర్డ్ ఫైల్ తెరిస్తే పేజీలు చెదిరిపోతాయి కాబట్టి అది ఆఫీసులో పనికిరాదని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాటతో సగమే ఏకీభవిస్తాను. చెదరడం నిజమే, కానీ చాలాసార్లు తప్పు ఫాంటుది. ఫైల్లో వాడిన ఫాంటు ఆ కంప్యూటర్లో లేకపోతే దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. అక్షరాల వెడల్పు రవ్వంత మారినా చాలు, ఒక లైను కిందికి జారుతుంది, దాని వెనకే టేబుల్ తర్వాతి పేజీకి పోతుంది, విషయసూచికలో పేజీ నంబర్లు తప్పుతాయి. కాలిబ్రికి కార్లిటో, కాంబ్రియాకి కలాడియా అని అవే కొలతల ఫాంట్లు లిబ్రేఆఫీస్‌తో పాటే వస్తాయి, అందుకే ఆ రెంటితో చేసిన ఫైళ్లు పెద్దగా కదలవు. మిగతా ఫాంట్లయితే పంపేవాళ్లే వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఎంబెడ్ ఫాంట్స్ దగ్గర టిక్ పెట్టాలి, అప్పుడు ఫాంటు కూడా ఫైల్లోనే వెళ్తుంది (లైసెన్సు ఒప్పుకోని ఫాంట్లు ఎంబెడ్ కావు, అదో తలనొప్పి). చదవడానికి మాత్రమే అయితే పీడీఎఫ్ పంపడమే మర్యాద. అసలు అడ్డంకి మాక్రోలు, అంటే పనులు వాటంతటవే జరగడానికి ఫైల్లో రాసుకునే చిన్న ప్రోగ్రాములు. ఎక్సెల్ మాక్రోలు రాసే భాష వీబీఏ. ఆ కోడ్‌ని లిబ్రేఆఫీస్‌లోని స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం కాల్క్ కొంతవరకే నడుపుతుంది. యూజర్‌ఫారాలు (మాక్రోతో తెరుచుకునే ఫారం విండోలు), యాక్టివ్‌ఎక్స్ బటన్లు (షీటులో పెట్టే మైక్రోసాఫ్ట్ తరహా బటన్లు) ఉన్న షీటు అయితే ఆశ వదులుకోవడమే. కాల్క్ షీటులో కాలమ్‌లు చాలవన్న పాత ఫిర్యాదు మాత్రం 2022లో వచ్చిన లిబ్రేఆఫీస్ 7.4 వెర్షన్‌తోనే తీరింది, 1,024 కాస్తా 16,384 అయ్యాయి. ఇంకోటి, ఒకే ఫైల్‌ని ఒకసారి వర్డ్‌లో, ఒకసారి లిబ్రేఆఫీస్‌లో అటూ ఇటూ పదిసార్లు సేవ్ చేస్తే స్టైల్స్ పాడవుతాయి. పని జరుగుతున్నంతసేపూ లిబ్రేఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీటీలో ఉంచి, చివర్లో ఒక్కసారే వర్డ్ ఫార్మాట్ డాక్‌ఎక్స్‌గా మార్చాలి.