‘పర్మిషన్ ఉంది కదా’ అంటే సరిపోదు

చౌటుప్పల్, చిట్యాల, పోచంపల్లి వైపు ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. కెమికల్ కంపెనీలకు పొల్యూషన్ బోర్డు పర్మిషన్ ఉంది, ఊరోళ్ళు సభలో ఒప్పుకున్నారు, జీరో డిశ్చార్జ్ కాబట్టి చుక్క బయటికి రాదు, నల్లగొండ నీళ్ళు ముందు నుంచే ఫ్లోరైడ్ నీళ్ళు, ఫిర్యాదు చేస్తే కంపెనీ మూతపడి పిల్లల కొలువులు పోతాయి అని దాని సారాంశం. చదివిన వాళ్ళు నిజమేననుకుని ఊరుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు పర్మిషన్ సంగతి. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద బోర్డు సీఎఫ్‌ఈ (కంపెనీ పెట్టుకోవడానికి సమ్మతి), సీఎఫ్‌వో (నడుపుకోవడానికి సమ్మతి) ఇస్తుంది. ఏ సరుకు ఎంత తయారు చేయాలి, రోజుకు ఎంత నీళ్ళు వాడాలి, వ్యర్థజలం ఎంత, అది ఎక్కడికి పోవాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. గడువూ ఉంటుంది. ఆ షరతులు పాటిస్తేనే నడుపుకోవాలి. పాటిస్తున్నారో లేదో ఆ కాగితం చెప్పదు.

పైగా కొన్ని విషాలు ఆ కాగితంలో ఉండనే ఉండవు. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ప్లాంటు ఉండేది. అక్కడ శుద్ధి అయ్యాక బయటికొచ్చిన నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. కొన్ని రకాల బ్యాక్టీరియాను దెబ్బతీసే మోతాదుకు అది వెయ్యి రెట్ల పైమాటే. మందులకు లొంగని బ్యాక్టీరియా ఇలాంటి నీళ్ళలో కూడా పుడుతుంది. యాంటీబయాటిక్ వ్యర్థాలకు పరిమితులు పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. నాకు దీని మీద ఇప్పటికీ కోపమే.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ, అంటే మెసేజ్‌లో చెప్పిన ఆ సభ. అది ఓటింగ్ కాదు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం సభ మొదలు పెట్టడానికి ఇంతమంది ఉండాలన్న కోరం కూడా అక్కర్లేదు. ఎవరేం అడిగారో రాసుకుని, దాన్ని అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. పైన కమిటీలు పరిశీలించి సిఫారసు చేస్తాయి, నిర్ణయం పర్యావరణ అనుమతి ఇచ్చే అధికార సంస్థది. సభలో పదిమంది తలూపినంత మాత్రాన ఊరి హక్కు పోదు. కరోనా కాలంలో, 2020 మార్చి నుంచి కొన్నాళ్ళు, బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్రాజెక్టులకు ఈ సభ అవసరమే లేకుండా చేశారు. అప్పుడు ఒప్పుకున్నదెవరు?

జీరో డిశ్చార్జ్ మాటను లెక్కేసి చూడాలి. ఉప్పు ఎక్కువున్న వ్యర్థజలాన్ని ఎవాపరేటర్లలో ఆవిరితో మరగబెడితే నీళ్ళు పోయి లవణాలు మిగులుతాయి. ఒక కంపెనీలో రోజుకు 50 కిలోలీటర్లు, లీటరుకు 30 గ్రాముల లవణాలు అనుకుందాం. రోజుకు 1,500 కిలోలు, అంటే టన్నున్నర ఉప్పు. ఆ ఉప్పు మానిఫెస్ట్ కాగితాలతో (ఎంత సరుకు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయిందో చూపే రవాణా పత్రాలు) దుండిగల్ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేరాలి. నెలకు 45 టన్నులు తయారవ్వాల్సిన చోట పది టన్నులకే కాగితాలుంటే, మిగిలింది ఎటు పోయింది? ఆవిరికి ఇంధనం కావాలి, ఇంధనానికి డబ్బు కావాలి. వాన పడిన రాత్రి వాగులోకి వదిలితే ఖర్చు లేదు. అందుకే ‘ప్లాంటు ఉందా’ అని అడిగి వదిలేయకుండా, ఉప్పు లెక్క చూపించమని అడగాలి.

ఫ్లోరైడ్ సాకు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు మనుషుల ఎముకలను వంచిన ఫ్లోరైడ్ గ్రానైటు రాళ్ళలోంచి వచ్చింది. దానికి రంగు లేదు, వాసన లేదు. బోరు నీళ్ళు పసుపు రంగులో, నురగతో, సాల్వెంటు (రసాయన ద్రావకం) వాసనతో వస్తుంటే ఆ నేరాన్ని రాళ్ళ మీద నెట్టలేం. తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్ళున్నాయి, నిజమే. బర్రెలు, వరి మళ్ళు తాగేది ఆ బోరు నీళ్ళే.

ఫిర్యాదు చేయగానే కంపెనీ మూతపడుతుందన్నదీ అబద్ధం. మామూలుగా బోర్డు ముందు తనిఖీ చేస్తుంది, నోటీసిస్తుంది, వాదన వింటుంది, సరిచేసుకోమని గడువిస్తుంది. మూసివేత ఆఖరి మెట్టు. ఆ వాసనను అందరికన్నా ముందు, అందరికన్నా దగ్గరగా పీల్చేది లోపల షిఫ్టు చేసే మన పిల్లలేనని మెసేజ్ రాసినవాళ్ళు మరిచారు.

ఫిర్యాదు మీ ఊరు ఏ పరిధిలోకి వస్తుందో ఆ పొల్యూషన్ బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీ, టైము, గాలి ఎటు నుంచి వీచిందో, ఏ సర్వే నంబరు బోరో రాయండి. మనం సీసాలో పట్టుకెళ్ళిన నీళ్ళతో కేసు నిలబడదు. నీటి చట్టం చెప్పిన పద్ధతిలో బోర్డు అధికారే వచ్చి శాంపిల్ తీయాలి. కాబట్టి వాసన వచ్చిన రాత్రే ఫోన్ చేసి, తెల్లారి కాగితం ఇచ్చి, రసీదు తీసుకోండి.