నల్ల కిటికీపై నిషేధాజ్ఞ

విశాఖ ద్వారకానగర్‌లోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో గోడకు అంటించిన నిబంధనల పట్టికలో నాలుగవదానిని నేను రెండుసార్లు చదివాను. ప్రాజెక్టు చూపించు సమయమున వెనుక నల్ల కిటికీ కనిపించినచో 5 మార్కులు తగ్గించబడునట. ఆ కిటికీని ఎన్నడూ చూడని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: విండోస్‌లో, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాంను తెరిచినప్పుడు దాని వెంట తెరుచుకునే కన్సోల్ అది. ఎక్కడైనా తప్పు జరిగితే ఏ ఫైలులో, ఎన్నో లైనులో, ఏమి జరిగిందో అందులోనే రాసి ఉంటుంది. అది చూడటానికి బాగాలేదని ఈ కేంద్రం పెద్దలు తీర్మానించారు. అమలు కూడా బహు సులువు. ఫైలు పేరు చివరి పీవై పక్కన డబ్ల్యూ అనే ఒక్క అక్షరం తగిలిస్తే చాలు, కన్సోల్ ఇక కంటికి కనబడదు.

ఇంతటి దూరదృష్టి మన ఓడరేవు వారికి లేకపోవడం విచారకరం. తుపాను సూచన అందిన ప్రతిసారీ వారు 1 నుంచి 11 వరకు ఏదో ఒక నంబరు ప్రమాద సూచికను ఎగరేసి ఊరిని కంగారు పెడుతుంటారు. ఆ స్తంభాన్ని మొదలంటా కోసి పారేస్తే బంగాళాఖాతం తనంతట తానే చల్లబడుతుందని ద్వారకానగర్ పండితులను అడిగి ఉంటే ఏనాడో చెప్పేవారు. ఆ మాటకొస్తే 11వ నంబరుకు అర్థం తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. అంటే మన రేవు, కబురు అందడం లేదన్న కబురును సైతం స్తంభానికెక్కించి చెబుతుంది. డబ్ల్యూ తగిలించిన ప్రోగ్రాంకు ఆపాటి మర్యాద కూడా ఉండదు.

పెదజాలారిపేటలో నన్ను మావయ్యా అని పిలిచే అమ్మాయి ఒకతె ఈ కేంద్రంలోనే చేరింది. తండ్రి పడవలో వచ్చిన వంజరం, చందువల బరువు, కిలో ధర టైపు చేసి ‘లెక్కించు’ అన్న బటన్ నొక్కితే మొత్తం చూపించే చిన్న ప్రోగ్రాంను టీకింటర్‌తో రాసింది. బర్కిలీలో జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో టిక్కిల్ అనే స్క్రిప్టు భాషను మొదలుపెట్టి, ఆ తరువాత కిటికీలు, బటన్లు గీయడానికి దానికి టీకే అనే పరికరాల పెట్టెను జోడించారు. పైథాన్ దానిని అరువు తెచ్చుకుని టీకింటర్ అని పిలుచుకుంటోంది. పరీక్ష నాటికి తండ్రి వేటలో ఉండటంతో పెద్దదిక్కుగా నేను వెళ్లాను.

బటన్ నొక్కింది. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కింది.

అప్పుడు మొదలైంది నిపుణుల సభ. మొదటి సారుగారు మౌసు పాతదన్నారు, కొత్త మౌసు వచ్చింది. రెండవ సారుగారు, ఒక్కసారి నొక్కితే చిన్నబుచ్చుకుంటుందేమో, రెండుసార్లు టకటకా నొక్కమన్నారు. మూడవవారు విశాఖ ఉప్పుగాలికి లోపలి తీగలు తుప్పు పట్టి ఉంటాయని శాస్త్రీయంగా ప్రతిపాదించగా, మొదటివారు మనసు నొచ్చుకుని, అయితే పక్క కంప్యూటర్ మాటేమిటని నిలదీశారు. పక్క కంప్యూటర్ తెచ్చారు, అదీ మౌనం వహించింది. బటన్‌కు ఆకుపచ్చ రంగు వేసి చూశారు. పైథాన్‌ను తీసేసి మళ్లీ ఎక్కించారు, ఆ సమయంలో అందరూ టీ తాగారు. చివరికి రెండవ సారుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “చూడమ్మా, కోడింగ్ అందరికీ అబ్బదు. నీకు టాలీ నయం” అన్నారు.

నేను లేచి ఫైలు పేరులోని డబ్ల్యూను చెరిపేశాను. నల్ల కిటికీ తెరుచుకుంది. బటన్ నొక్కగానే అందులో అరడజను లైన్లు వచ్చిపడ్డాయి, అన్నిటికన్నా కింది లైనులో, నన్‌టైప్ వస్తువుకు గెట్ అనేది, అంటే పెట్టెలో టైపు చేసినదాన్ని తెచ్చిచ్చే పని, లేదని స్పష్టంగా ఉంది. బటన్ వెనుక ఫంక్షన్‌లో తప్పు జరిగితే టీకింటర్ ప్రోగ్రాంను కూల్చదు. తప్పును కన్సోల్‌లో రాసి, తరువాతి నొక్కుడు కోసం కాచుకుని ఉండే మెయిన్‌లూప్‌ను యథావిధిగా నడుపుకుంటూ పోతుంది. కన్సోలే లేకుండా చేస్తే బటన్ చచ్చినా చావు కబురు అందదు. కిటికీ అంత వికారంగా ఉంటే రిపోర్ట్ కాల్‌బ్యాక్ ఎక్సెప్షన్ అనే పద్ధతిని మార్చి రాసుకుని, అదే కబురును ముచ్చటైన సందేశపు పెట్టెలో చూపించుకోవచ్చు. ఆ ముగ్గురిలో ఒక్కరూ ఆ పేరు విన్నట్టు లేదు.

ఇక తప్పు సంగతి. బరువు టైపు చేసే ఎంట్రీ పెట్టెను తయారు చేయడం ఒక పని, దానిని ప్యాక్‌తో కిటికీలో అమర్చడం మరొక పని. రెంటినీ ఒకే లైనులో చుక్క పెట్టి గుచ్చేస్తే, ప్యాక్ తిరిగి ఇచ్చేది నన్, అంటే శూన్యం. పెట్టెకని మనం పెట్టుకున్న పేరుకు, పెట్టె బదులు ఆ శూన్యమే దక్కుతుంది. రెండు లైన్లుగా విడదీస్తే తీరిపోయింది. ఆ ఒంటి లైను ఎక్కడిది తల్లీ అని అడిగితే, కేంద్రం వారు డబ్బు తీసుకుని ఇచ్చిన నోట్సు తెరిచి చూపింది.

ఇక నా వల్ల కాదు. అయ్యా, తప్పు మీ నోట్సుది. ఆ తప్పును పేరుపెట్టి చెప్పే ఒక్క సాక్షి నోరు నొక్కింది మీ నిబంధన. ఒక మనిషి పడవ డీజిలుకు దాచుకున్న సొమ్ము తెచ్చి మీ చేతిలో పోస్తే, అతని కూతురికి కింది లైను చదవడం నేర్పకుండా, నలుగురిలో నిలబెట్టి నీకు అబ్బదు అంటారా? చదవడం అబ్బనిది ఎవరికి? సిగ్గు లేదా?

మార్కుల విషయంలో కేంద్రం న్యాయంగానే వ్యవహరించింది. ప్రోగ్రాం పనిచేసినందుకు పూర్తి మార్కులు వేసి, నల్ల కిటికీ కనిపించినందుకు 5 తగ్గించింది.

మొన్న వాళ్లింటికి వెళ్లేసరికి తండ్రి వేట నుంచి వచ్చి ఉన్నాడు. ఆమె ఏదో కొత్త బటన్ కలుపుతుండగా నల్ల కిటికీలో గబగబా లైన్లు పడ్డాయి. అతడు వల పక్కన పెట్టి తెరవైపు వంగి చూసి, “ఎన్నో నంబరు ఎగరేసినారే అమ్మా?” అన్నాడు.

“27, నాన్నా” అంది, ఆ లైనుకు వెళ్తూ.