గునుగు ఉంచాలా, నందివర్ధనం నాటాలా?

సిద్దిపేట వైపు మా మేనత్తది. ఇంటి వెనక రెండు గుంటల ఖాళీ జాగా ఉంది. భాద్రపదం వానలకు అక్కడ తుమ్మి, గునుగు ఒత్తుగా లేచాయి. మూలన ఒక కలివి పొద ఎప్పటి నుంచో ఉంది. అదంతా దున్నించి, కడియం నర్సరీ నుంచి వచ్చిన నందివర్ధనాలు, మల్లెలు నాటాలని అత్తమ్మ పట్టు. బాటనీ చదివిన మా చెల్లి వద్దంటుంది. ఇద్దరూ అడిగేవి తెల్ల పూలే. అరుగు మీద కూర్చుని నేను విన్నంత వరకు రాస్తున్నాను.

అత్తమ్మ: రేపు పొద్దున ట్రాక్టర్ వస్తుంది. ఇంకేం మాట్లాడకు.

చెల్లి: బతుకమ్మ ఇంకో పది రోజులు కూడా లేదు అత్తమ్మా. గునుగు ఇప్పుడే తెల్లబడుతోంది. ఇప్పుడా దున్నించేది?

అత్తమ్మ: నలభై ఏళ్లు కలుపు తీసిన చేతులు ఇవి. జొన్నలో గునుగే, పత్తిలో గునుగే. మనం వేసిన ఎరువు ముందు అది తింటుంది, మిగిలింది పంటకు. వంగి వంగి నడుము పోయింది. ఇంటి వెనక కూడా దాన్నే పెంచమంటావా బిడ్డా?

చెల్లి: చేనులో పీకావు, నిజమే. మరి ఎంగిలిపూల నాడు తాంబాళంలో ఏం పేరుస్తావు? గునుగు, తంగేడు లేకుండా బతుకమ్మ నిలబడుతుందా? ఆ పూలకు రంగులు అద్దడం నాకు నేర్పింది నువ్వే.

అత్తమ్మ: తొమ్మిది రోజుల పండుగకు ఏడాదంతా కలుపు మేపాలా? పొలం గట్ల మీద కావలసినంత ఉంటుంది.

చెల్లి: ఉండేది. ఇప్పుడు గట్ల మీద కూడా గడ్డి మందు కొడుతున్నారు. మొన్న చవితికి తుమ్మికూర కోసం ఎక్కడిదాకా పోయావు?

అత్తమ్మ: చెరువు కట్ట దాకా పోయాను. అయితే ఏమైంది? గడ్డి మందు ఎవరూ సరదాకు కొట్టరు. కలుపు తీసే కూలీలు దొరకడం లేదు. దొరికినా ఆ కూలి ఇచ్చుకుంటే చేతికి ఏం మిగలదు. హైదరాబాద్‌లో ఉండి గట్ల గురించి చెప్పడం సులువు.

చెల్లి: రైతును తప్పు పట్టడం లేదు. గట్ల మీద పోయింది కనక, ఈ రెండు గుంటల్లోనైనా ఉండనిమ్మంటున్నాను. తుమ్మి పువ్వు గోరంత. తేనెటీగలు, చిన్న సీతాకోకచిలుకలు పొద్దంతా దాని మీదే ఉంటాయి. కాసేపు నిలబడి చూడు.

అత్తమ్మ: అడవి పూలన్నీ మంచివే అన్నట్టు చెబుతున్నావు. గోడ పక్కన వయ్యారిభామ ఉంది, అదీ తెల్ల పువ్వే. కిందటేడు దాన్ని పీకి మీ మామయ్యకు చేతుల నిండా దద్దుర్లు. రాత్రంతా గోక్కున్నాడు.

చెల్లి: అది మన మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చి, 1955లో పుణెలో కనబడి, అక్కడి నుంచి దేశమంతా పాకింది. ఒక్క మొక్కకు వేల గింజలు. దాన్ని తినడానికి మెక్సికో నుంచి ఒక పెంకు పురుగును కూడా తెప్పించి వదిలారు. దాన్ని ఉంచమని నేను ఎప్పుడూ అనను. పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో సహా పీకాలి. ఆ పని నేను చేస్తాను.

అత్తమ్మ: ఈసారి పీకి బస్సెక్కుతావు. మళ్లీ వానకు లేస్తే ఎవరు పీకాలి? వదిలేసిన జాగాలో ముందు వచ్చేది అదే.

చెల్లి: దున్ని బోసిగా పెట్టిన జాగాలో ముందు వస్తుంది. గడ్డి, తుమ్మి ఒత్తుగా ఉన్నచోట దానికి అంత సందు దొరకదు.

(చెల్లి మాట నిజమే. కానీ పీకేది ఎవరన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఊళ్లో ఉండే మనిషి మీదే ఆ బరువు పడుతుంది.)

అత్తమ్మ: నా నందివర్ధనంలో నీకు కనబడిన తప్పేంటి? అన్ని కాలాల్లో పూస్తుంది. తెల్లవారి తలుపు తీస్తే చెట్టు నిండా తెలుపు. దేవుడికి ఏ రోజూ పూలకు వెతుక్కోనక్కర్లేదు. మల్లె అయితే చలికాలంలో కొమ్మ కత్తిరించి, ఆకు దూసి, నీళ్లు ఆపి, ఎండ ముదిరేసరికి మళ్లీ తడి పెడితే మొగ్గ వస్తుంది. ఆ మొగ్గ నా చేతి కష్టం. గునుగు నా కష్టంతో రాలేదు.

చెల్లి: మల్లెకు అడ్డు చెప్పను. ముద్ద నందివర్ధనం మాత్రం వద్దు, రేకుల మీద రేకులే, పురుగుకు లోపలికి దారి దొరకదు. ఐదు రేకులది నాటు. రాత్రి దాని వాసనకు చిమ్మటలు, అంటే సీతాకోకల్లాంటి రాత్రి పురుగులు, వస్తాయి.

అత్తమ్మ: వేలంత లావు పచ్చ పురుగు పడి ఒకసారి ఆకంతా తినేసింది. అది ఆ చిమ్మట పిల్లేనా?

చెల్లి: అలాంటి చిమ్మటదే. గన్నేరు ఆకు కూడా తింటుంది.

అత్తమ్మ: అయితే నా చెట్టు కూడా పురుగుకు ఇంత తిండి పెడుతోంది కదా. నీ అడవి మొక్కలే పెడుతున్నట్టు మాట్లాడావు.

(చెల్లి కాసేపు మాట్లాడలేదు. లేచి మూలకు పోయి కలివి ఆకు ఒకటి తుంచుకొచ్చింది.)

చెల్లి: పాలు చూడు. నందివర్ధనం తుంచినా ఇవే పాలు. రెండూ ఒకే కుటుంబం అత్తమ్మా. ఎండల్లో ఈ పొద పూస్తే మల్లె వాసనే వస్తుంది. ఒకదాన్ని డబ్బిచ్చి తెస్తున్నావు, దాని చుట్టాన్ని ట్రాక్టర్ కింద వేస్తున్నావు.

అత్తమ్మ: కలివిని పీకిస్తానని ఎవరన్నారు? చిన్నప్పుడు దాని పండ్లు తిని నాలుక నల్లగా చేసుకుని ఇంటికి పోయేదాన్ని. పిగిలిపిట్టలు వస్తాయి ఇప్పటికీ. దాని జోలికి రానివ్వను. గునుగు సంగతి వేరు.

చెల్లి: గోడ వైపు దున్నించు, నీ మొక్కలు నాటు. కలివి వైపు సగం గునుగుకు వదులు. పండుగ ముందు రోజు వచ్చి మొత్తం నేనే కోస్తాను.

అత్తమ్మ: అది కింది నుంచి పూసుకుంటూ పైకి పోతుంది. పై కొస తెల్లగా ఉండగానే అడుగున గింజ రాలుతుంది. నువ్వొచ్చి కోసేసరికే వచ్చే ఏటి కలుపు నేలలో పడి ఉంటుంది.

చెల్లి: పడనీ. అక్కడే కదా మొలిచేది.

అత్తమ్మ: ముందు రోజు రావడం కాదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ ఇక్కడే ఉండి, రోజుకింత కొయ్యాలి. లీవు పెట్టుకుంటే చెప్పు, ట్రాక్టర్ అతనికి ఇప్పుడే ఫోన్ చేస్తాను.