ఒంటికన్ను దొరగారు, ఒంటికొమ్ము గుర్రాలు

పాత బొమ్మల్లో ప్రతిదానికీ ఒక అర్థం ఉంటుందని కళా పండితులు చెబుతారు. కుక్కపిల్ల ఉంటే విశ్వాసం. ముత్యం ఉంటే పవిత్రత. పుర్రె ఉంటే మరణం. ఏమీ లేకపోతే ఆ లేకపోవడంలోనే ఏదో ఉందన్నమాట. ఈ శాస్త్రమంటే నాకు అపారమైన గౌరవం. పెద్దవాళ్లు ఏం చేసినా సమర్థించడానికి ఇంతగా పనికొచ్చేది నాకింకొకటి కనబడలేదు.

అనుమానం ఉన్నవాళ్లు ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లి, ఉఫీజీ గ్యాలరీలో పియెరో డెల్లా ఫ్రాంచెస్కా వేసిన, ఉర్బినో అనే ఇటలీ సంస్థానపు ప్రభు దంపతుల బొమ్మ చూడవచ్చు. రెండు చెక్కలు, ఒక్కొక్కటి 47 సెంటీమీటర్ల ఎత్తు, 33 వెడల్పు. ఒకదాని మీద ఫెదెరీకో ద మొంటెఫెల్ట్రో, ఎర్ర టోపీ, ఎర్ర అంగీ. రెండోదాని మీద ఆయన భార్య బతిస్తా స్ఫోర్జా, మెడ నిండా ముత్యాలు. ఇద్దరూ పక్కకి తిరిగి ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. చాలాకాలం కాపురం చేసినవాళ్లు చూసుకున్నట్టే, ముఖంలో ఏ భావమూ లేకుండా.

ముఖం పక్కకి ఎందుకు తిప్పారు? పాత రోమన్ నాణేల మీద చక్రవర్తులు అలాగే ఉంటారు కనుక, ఈయనా వాళ్లంతటివాడని సంకేతం. ఒప్పుకుందాం. కాకపోతే 1450లో ఒక బల్లెం పోటీలో దొరగారికి కుడికన్ను పోయింది. ఎడమవైపు నుంచి చూస్తే చక్రవర్తి, కుడివైపు నుంచి చూస్తే క్షతగాత్రుడు. కాబట్టి చిత్రకారుడు చక్రవర్తినే ఎంచుకున్నాడు.

ముక్కు సంగతి ఇంకా గంభీరం. కళ్ల మధ్య ఉండాల్సిన దూలం అక్కడ లేదు, మెట్టులా కోసేసినట్టు ఉంటుంది. మిగిలిన ఒక్క కంటికి అటువైపు కూడా కనబడాలని దొరగారే దాన్ని చెక్కించుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. కిరాయి సైన్యం నడిపే మనిషి కదా, ఏ వైపు నుంచి ఎవడు కత్తి తీస్తాడో అని టెన్షన్ సహజం. అంచేత ఆయన్ని ముక్కుసూటి మనిషి అనడానికి వీల్లేదు గానీ, ఒక కంట కనిపెడుతూ ఉండటం అనే మాట మాత్రం ఆయన కోసమే పుట్టినట్టుంది.

ఈ కన్ను వల్ల ఇంకో మార్పు కూడా జరిగింది. ఇలాంటి జంట చిత్రాల్లో మామూలుగా చూసేవాళ్లకు ఎడమపక్క భర్త, కుడిపక్క భార్య ఉంటారు. ఇక్కడ తారుమారు. మన పెళ్లిళ్లలో అయితే పురోహితుడు ఆపి, లేపి, మళ్లీ కూర్చోబెట్టేవాడు. అమ్మగారికి గౌరవస్థానం ఇచ్చారని మురిసిపోయేవాళ్లు కాసేపు మురిసిపోవచ్చు.

దొరగారి చెంప మీద పులిపిర్లను మాత్రం చిత్రకారుడు ఒక్కటీ వదలకుండా వేశాడు. దీన్ని నిజాయితీ అంటారు. పోయిన కన్ను దాచి, ఉన్న పులిపిర్లు చూపించడం నిజాయితీ! ఆదాయం దాచి అప్పులు చూపించే మనబోటివాళ్లకు ఈ కోణం ఇన్నాళ్లూ తట్టలేదు.

ఇక అమ్మగారు. ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంటుంది. నుదురు విశాలంగా కనబడటానికి ముందువైపు జుట్టు పీకించుకోవడం అప్పటి ఫ్యాషన్. ఆ తెలుపు కూడా ఫ్యాషనే అని కొందరు, కాదు, చనిపోయాక వేసిన బొమ్మ గనుక అలా ఉందని కొందరు అంటారు. గ్రీకు, లాటిన్ చదువుకున్న మనిషి. భర్త యుద్ధాల మీద ఊళ్లు తిరుగుతుంటే ఉర్బినో పాలన చూసింది ఆవిడే. దాదాపు పద్నాలుగేళ్లకు, 37 ఏళ్ల ఆయనతో పెళ్లి. వరుసగా ఆడపిల్లలు పుట్టాక 1472 జనవరిలో కొడుకు గుయిదొబాల్దో పుట్టాడు. జులైలో ఆవిడ పోయింది. వయసు 26.

అసలు పాండిత్యం చెక్కల వెనక ఉంది. అక్కడ ఇద్దరూ చెరో రథమెక్కి ఊరేగుతుంటారు. ఆయన రథానికి తెల్ల గుర్రాలు, ఆవిడ రథానికి ఒంటికొమ్ము గుర్రాలు. ఒంటికొమ్ము గుర్రం శీలానికి గుర్తు. దొరగారికి పెళ్లితో సంబంధం లేని సంతానం కూడా ఉన్నారు, ఆయన పుట్టుకా అలాంటిదే. మరి ఆయనకెందుకు మామూలు గుర్రాలు అని అడిగేవాళ్లకు ఇంగితం లేదు. ఒంటికొమ్ము గుర్రం కన్యకు తప్ప లొంగదని ఐరోపాలో నమ్మకం. దాన్ని దొరగారి బండికి కడితే ఊరేగింపు కదిలేదా?

ఆయన రథంలో న్యాయం, వివేకం, ధైర్యం, నిగ్రహం అనే నలుగురు దేవతలు కూర్చుని ఉంటారు. న్యాయం కత్తీ తక్కెడా పట్టుకుని మనకెదురుగానే ఉంటుంది. నిగ్రహం మాత్రం మనకు వీపు చూపిస్తుంది. ఎందుకో నేను చెప్పను. 1472 జూన్‌లో పటిక గని తగాదాలో ఫ్లోరెన్స్ తరఫున ఈయన వొల్తెర్రా ఊరిని ముట్టడించారని, ఊరు లొంగిపోయాక కూడా సైనికులు దోచుకున్నారని మాత్రం చెబుతాను. ఫ్లోరెన్స్ ఆయనకు ఘనంగా సన్మానం చేసింది.

రెండు రథాల కిందా లాటిన్ పద్యాలున్నాయి. మహా సేనాపతులతో సమానుడైన ఈ వీరుడు విజయరథం మీద సాగుతున్నాడని ఆయన పద్యం. క్రియ వర్తమానంలో ఉంది. ఆవిడ పద్యం మొదలే భూతకాలం. కలిమిలో హద్దు తప్పకుండా నడుచుకున్న ఈమె, గొప్పవాడైన తన భర్త పనులకు వచ్చిన కీర్తితో అలంకృతమై అందరి నోళ్లలో నానుతోందట. రాజ్యం నడిపింది, లాటిన్ చదివింది, పిల్లల్ని కన్నది, చచ్చిపోయింది, చివరికి పేరొచ్చింది మాత్రం మొగుడి యుద్ధాల వల్ల. ఆవిడ రథంలో ఒక దేవత చేతిలో పెలికాన్ పక్షి ఉంటుంది. సొంత రొమ్ము చీల్చుకుని పిల్లలకు రక్తం తాగిస్తుందని ఆ పక్షి గురించి చెప్పేవారు. ఆ బొమ్మకు నా దగ్గర వెటకారం లేదు.

అంత ఎదురుచూసి కన్న గుయిదొబాల్దోకు పిల్లలు కలగలేదు. ఉర్బినో చివరికి దొరగారి కూతురు జొవాన్నా సంతతికి పోయింది. ఈలోగా మన న్యాయమూర్తి, సన్మానం అందుకున్న ఆరేళ్లకే, 1478లో అదే ఫ్లోరెన్స్‌లో పెత్తనం చేసే మెదీచీ కుటుంబం వాళ్లను చంపే కుట్రలో చేరి, ఊరి బయట తన 600 మంది సైనికులను సిద్ధంగా ఉంచారు. సంకేత లిపిలో ఆయన రాయించిన ఉత్తరాన్ని ఈ శతాబ్దం మొదట్లో ఒక పరిశోధకుడు విప్పి చదివేదాకా ఆ సంగతి ఎవరికీ రుజువు కాలేదు. కుట్రలో మెదీచీల పెద్ద లొరెంజో తమ్ముడు చనిపోయాడు గానీ ఊరు చేతికి రాలేదు, సైనికులు వెనుదిరిగారు.

1631లో జొవాన్నా వంశంలోని ఆఖరి ఆడపిల్ల వితోరియాకు వారసత్వంగా దక్కిన ఉర్బినో ఆస్తి మూటగట్టుకుని ఫ్లోరెన్స్ చేరింది. ఆ పిల్ల కోడలిగా వెళ్లింది మెదీచీల ఇంటికే. ఆ సారె సామాన్లలో ఈ రెండు చెక్కలూ ఉన్నాయి. ఆరువందల మందితో రాలేని ఊళ్లోకి దొరగారు అలా వచ్చారు, భార్య ముఖం చూస్తూ.