పొగ తిని చెట్టు బలుస్తుందా?

వరంగల్, హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "సిటీ చెట్లకు పొగే తిండి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కాబట్టి ఊళ్లో చెట్లకంటే ఇక్కడివే బాగా పెరుగుతాయి. ఆకుల మీది దుమ్ము ఒక్క వానకు పోతుంది. వీధి దీపాల వెలుగులో రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తాయి. వేపలు ఎండింది సెల్ టవర్ల వల్లే." చదువుకున్నవాళ్లు కూడా దీన్ని పంపుతుంటే బాధగా ఉంది. ఒక్కో మాటే చూద్దాం.

పొగే తిండి అన్న మాట. పొగలో కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే ఉండదు. నైట్రోజన్ ఆక్సైడ్లు, సల్ఫర్ డయాక్సైడ్, మసి కూడా ఉంటాయి. ఆకు గాలి తీసుకునేది పత్రరంధ్రాల గుండా. చాలా చెట్లకు ఇవి ఆకు అడుగున ఉంటాయి. మే నెలలో ఎండ 43, 44 డిగ్రీలకు పోయి, తారు రోడ్డు సెగ కింది నుంచి కొడుతుంటే, ఒంట్లో నీళ్లు పోకుండా చెట్టు ఈ రంధ్రాలను మూసుకుంటుంది. తలుపు మూసుకున్నాక బయట కార్బన్ డయాక్సైడ్ ఎంతుంటే ఏం లాభం? మొదలు చుట్టూ సిమెంట్ పోసిన చెట్టుకు వాన నీరు కూడా దిగదు కాబట్టి అది ఇంకా ముందే మూసుకోవాల్సి వస్తుంది.

సిటీ చెట్లే బాగా పెరుగుతాయన్న మాటకు మాత్రం ఒక ఆధారం ఉంది. 2003లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, న్యూయార్క్ నగరంలో పెంచిన కాటన్‌వుడ్ అనే చెట్టు మొక్కలు చుట్టుపక్కల పల్లెల్లోని వాటికంటే రెండింతలు పెరిగాయి. కానీ కారణం పొగ తినడం కాదు. వాహనాల పొగ నుంచి ఎండలో ఓజోన్ అనే వాయువు పుడుతుంది, అది ఆకుల్ని దెబ్బతీస్తుంది. నగరం నడిబొడ్డున అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ను కొంత ఖర్చు చేసేస్తుంది. ఆ పొగ గాలితో పాటు పల్లెలకు కొట్టుకుపోయాక అక్కడ ఓజోన్ ఎక్కువవుతుంది. అంటే నగరంలో పుట్టిన విషం పల్లె ఆకుల మీద పడింది. ఇందులో నగరం గర్వపడాల్సింది ఏముంది?

ఇక దుమ్ము. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. కరీంనగర్ రోడ్డులో గ్రానైట్ లారీలు తిరిగే చోట కానుగ ఆకు మీద వేలితో గీసి చూడండి. ఆ పొర వెలుతురును ఆపుతుంది. నల్లటి మసి అయితే ఆకును ఇంకా వేడెక్కిస్తుంది. ఒక్క వానకు పోతుందంటారు సరే, ఆ వాన ఎప్పుడు? మనకు గట్టి వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకానే. తర్వాత నెలల తరబడి ఆ పొర అట్లే ఉంటుంది. వాన పడ్డా మొత్తం పోదు. సన్నటి కణాలు ఆకు మీది మైనంలో ఇరుక్కుపోతాయి, అవి ఆకుతోనే రాలాలి. ఆకు రాలాక మనం చేసేది? ఊడ్చి, కుప్ప పోసి, రోడ్డు పక్కనే అంటిస్తాం. ఆకు పట్టి ఉంచిన కణాలు, దానికి తోడు కొత్త పొగ, మళ్లీ మన ముక్కుల్లోకే. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. కాల్చకుండా గుంతలో వేస్తే ఎరువైనా అవుతుంది.

వీధి దీపాలతో ఆక్సిజన్ అన్నది శుద్ధ అబద్ధం. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు, నడినెత్తి ఎండ వెలుగు దాదాపు లక్ష లక్స్. రోడ్డు మీద పడే దీపం వెలుగు పదుల్లోనే. అది ఆహారం తయారీకి చాలదు. రాత్రి ఆకు కూడా మనలాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. అయితే ఆ కొద్ది వెలుగే చెట్టుకు కాలం తెలియకుండా చేయగలదు. దీపాలకు దగ్గరున్న కొమ్మలు ఆకు ఆలస్యంగా రాలుస్తాయని న్యూయార్క్‌లో 1936లోనే గమనించారు.

చివరిగా వేపలు. 2021లో తెలంగాణ అంతటా వేపలు ఎండుముఖం పట్టాయి. టవర్ దరిదాపుల్లో లేని పొలం గట్ల మీద కూడా. కారణం ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగు. కొమ్మల చివర్ల నుంచి కిందికి ఎండుతూ వస్తుంది కాబట్టే దాన్ని డైబ్యాక్ అన్నారు. వాటిలో చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగురించాయి, టవర్లు ఎక్కడివక్కడే ఉండగానే. మీ వీధిలో వేప ఎండినట్టు కనిపిస్తే గొడ్డలి తీసే ముందు కొమ్మ బెరడు గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది.